పదో తరగతి తర్వాత మెకానిక్ చదువు: ఐటీఐ, పాలిటెక్నిక్, షెడ్డు – ఏది ఎవరికి నప్పుతుంది?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం నుంచి జూలై నెల దాకా అనంతపురంలోని మా షెడ్డుకు బండ్లు తెచ్చేవాళ్లకన్నా పిల్లలను వెంటబెట్టుకొని వచ్చేవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. గుత్తి, గార్లదిన్నె, శింగనమల వైపు నుంచి వచ్చే ఆ తల్లిదండ్రులు అడిగేది ఒకటే: పిల్లవాడికి బండ్ల పని మీద మనసుంది, ఐటీఐలో చేర్చాలా, పాలిటెక్నిక్‌కు పంపాలా, లేక ఇక్కడే మేస్త్రీ దగ్గర వదిలిపెట్టాలా? ఈ ప్రశ్నకు అందరికీ సరిపోయే జవాబు లేదు. అయితే ఏ ఇంటికి ఏది సరిపోతుందో తేల్చుకోవడానికి కొన్ని గట్టి కొలమానాలు ఉన్నాయి కనుక ముందు వాటిని చెప్పి, ఆ తర్వాత ఒక్కొక్క మార్గాన్నీ వాటి పక్కన పెట్టి చూపిస్తాను.

ముందుగా చూడవలసినవి

మొదటిది, సర్టిఫికెట్ చేతికి వచ్చిన మరుసటి రోజు పిల్లవాడు ఏ గుమ్మం ముందు నిలబడాలనుకుంటున్నాడన్నది. ఆర్టీసీ డిపో గ్యారేజీ, రైల్వే ఉద్యోగం, కార్ల కంపెనీ సర్వీసు సెంటరు, రవాణా శాఖ, సొంత షెడ్డు: ఈ అయిదూ ఒకే చదువుతో తెరుచుకోవు. ఒక్కొక్క నోటిఫికేషన్ ఒక్కొక్క సర్టిఫికెట్‌ను పేరు పెట్టి అడుగుతుంది. మెకానిక్ అన్న మాట ఉన్నంత మాత్రాన అన్నీ సమానమేనని అనుకొని, తీరా దరఖాస్తు చేసే రోజున అర్హత లేదని తెలుసుకొని కుమిలిపోయిన పిల్లలను నేను చూశాను.

రెండవది, చదువుకునే కాలంలో పిల్లవాడి చేయి ఎన్ని గంటలు ఇంజను మీద ఉంటుందన్నది. ఇది ఏ కరపత్రంలోనూ రాయరు, అడిగి తెలుసుకోవలసిందే. మూడవది, ఇంటి పరిస్థితి ఎంతకాలం ఓర్చుకోగలదన్నది. ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు అన్నవి కాగితం మీద చిన్న తేడాలే కావచ్చు, కానీ వానలు లేక వేరుశనగ పోయిన ఏడాది ఆ తేడా ఎంత బరువో ఈ జిల్లా రైతు కుటుంబాలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

నాలుగవది బండి మారిపోయిందన్న సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బండ్ల పొగకు హద్దులు పెట్టే బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక చాలా కొత్త మోటారు సైకిళ్లలో ఇంజనుకు పెట్రోలు అందించే కార్బురేటర్ స్థానంలోకి, సెన్సర్లతో నడిచే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. కొత్త లారీల్లో పొగను శుద్ధి చేసే అమరిక, దానికి పోసే యూరియా ద్రావణం, దాన్ని కనిపెట్టుకొని ఉండే సెన్సర్లు వచ్చాయి. ఒక సెన్సర్ చెడిపోతే లారీ లాగడం మానేస్తుంది, అప్పుడు పానా పట్టుకున్న చేతికి స్కానర్ (బండిలోని లోపాన్ని తెర మీద చూపే పరికరం) చదవడం, వైరింగ్ పటం అర్థం చేసుకోవడం రాకపోతే పని ముందుకు సాగదు. మా మేస్త్రీ నాకు నేర్పిన మొదటి పాఠం "బండి సప్పుడు ఇనంగానే యాడ జబ్బుందో తెలియల్ల రా అబ్బీ" అన్నది. ఆ విద్య ఈనాటికీ పనికొస్తుంది, కానీ అదొక్కటే చాలే రోజులు పోయాయి. కనుక ఏ కోర్సులో చేరినా అందులో ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ భాగం ఎంత ఉందో తప్పక చూడాలి.

ఐటీఐ: మెకానిక్ మోటార్ వెహికల్, రెండేళ్లు

ఐటీఐలో ఒక్కొక్క పనికి ఉండే కోర్సును ట్రేడు అంటారు. పదో తరగతి పాసైన పిల్లవాడు చేరగల ఈ ట్రేడుకు ఇచ్చే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ దేశమంతటా చెల్లుతుంది. మొదటి ఏడాదిలో ఫిట్టింగ్, కొలతలు, వెల్డింగ్ వంటి పునాది పనులతో మొదలుపెట్టి ఇంజను విప్పి బిగించడం దాకా వెళతారు. రెండో ఏడాదిలో క్లచ్, గేరు బాక్సు, స్టీరింగ్, సస్పెన్షన్, బ్రేకులు, వైరింగ్, ఏసీ వంటివి వస్తాయి. అంటే బండి మొత్తాన్ని ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఒకసారి చూపించే చదువు ఇది. కారు, జీపు, లారీ, బస్సు, ఏ వైపు వెళ్లాలో ఇంకా తేల్చుకోని పిల్లవాడికి ఇంతకన్నా మంచి ఆరంభం నాకు కనిపించదు.

దీని విలువ చదువు ముగిశాక చేసే అప్రెంటిస్‌షిప్‌తో కలిపి లెక్కించాలి. అప్రెంటిస్‌షిప్ 1961 నాటి చట్టం కింద నడిచే శిక్షణ, ఇందులో నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. 2019లో సవరించిన నిబంధనలు ఐటీఐ పూర్తిచేసినవారికి నెలకు కనీసం 7,000 రూపాయలు, డిప్లొమా వారికి 8,000 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించాయి. మన ప్రాంతానికి సంబంధించినంత వరకు ఆర్టీసీ ప్రకటనలు ముఖ్యమైనవి. కర్నూలు, నంద్యాల, అనంతపురం, శ్రీ సత్యసాయి, కడప, అన్నమయ్య జిల్లాల ఐటీఐ అభ్యర్థుల నుంచి డీజిల్ మెకానిక్, మోటార్ మెకానిక్ వంటి ట్రేడులకు దరఖాస్తులు తీసుకొని, కర్నూలులోని జోనల్ స్టాఫ్ ట్రైనింగ్ కాలేజీలో సర్టిఫికెట్లు పరిశీలిస్తారు. ఎంపికకు ఐటీఐ మార్కులే ఆధారం కాబట్టి, "ఐటీఐలో మార్కులు ఎవరు చూస్తారు?" అన్న మాటను పిల్లల చెవిన పడనివ్వకండి. అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసినంత మాత్రాన ఆర్టీసీలో ఉద్యోగం వచ్చినట్లు కాదు, ఆ భ్రమ కూడా వద్దు. అయినా డిపో గ్యారేజీలో బ్రేకు పని, ఇంజను పని ఒక క్రమంలో, రికార్డు రాస్తూ చేసిన ఏడాది అనుభవం పిల్లవాడి నడవడికనే మార్చేస్తుంది. అలా వచ్చినవాళ్లు నట్టు బిగించాక దాన్ని మళ్లీ ఒకసారి చేత్తో తడిమి చూస్తారు. నేను పనిలోకి తీసుకునేటప్పుడు మొదట గమనించేది ఆ అలవాటునే.

రైల్వే సంగతి చాలామందికి తెలియదు. గుంతకల్లు, గుత్తి పక్కనే ఉన్న మన పిల్లలు తప్పక గుర్తుపెట్టుకోవలసిన విషయం ఇది. అసిస్టెంట్ లోకో పైలట్, అంటే రైలు ఇంజను సహాయ డ్రైవరు, నోటిఫికేషన్లలో అనుమతించే ఐటీఐ ట్రేడుల జాబితాలో మెకానిక్ మోటార్ వెహికల్, మెకానిక్ డీజిల్, ట్రాక్టర్ మెకానిక్ మూడూ ఉంటూ వచ్చాయి. అదే పోస్టుకు ఆటోమొబైల్, మెకానికల్ డిప్లొమాలు కూడా అర్హతే. పరీక్ష కఠినంగా ఉంటుంది, కంటిచూపు ప్రమాణాలు మరీ కఠినంగా ఉంటాయి. రంగుల గుర్తింపులో లోపం ఉన్న పిల్లవాడు ఆ ఆశతోనే ఐటీఐలో చేరి తర్వాత బాధపడకుండా ముందే కంటి వైద్యుడి దగ్గర చూపించుకోవడం మంచిది.

ఏడాది ట్రేడులు: డీజిల్, ట్రాక్టర్

మెకానిక్ డీజిల్ ఒక సంవత్సరం చదువు. దీనిలో చెప్పేది ప్రధానంగా ఇంజను: సిలిండర్ హెడ్డు, పిస్టన్, క్రాంక్ షాఫ్టు, నాజిళ్లు, పంపు, కూలింగ్, ఆయిల్ ప్రవాహం, స్టార్టర్, ఆల్టర్నేటర్. గేరు బాక్సు, బ్రేకులు, స్టీరింగ్ లోతుగా రావు కాబట్టి వాటిని తర్వాత పనిలో నేర్చుకోవాలి. ఈ లోటు ఉన్నప్పటికీ మన ప్రాంతంలో ఈ ట్రేడుకు గిరాకీ ఎందుకు తగ్గదో రోడ్డు మీద నిలబడి చూస్తే తెలుస్తుంది. కర్నూలు నుంచి డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా బెంగళూరు వైపు సాగే 44వ జాతీయ రహదారి మీద, ఎర్రగుంట్ల, తాడిపత్రి సిమెంటు ఫ్యాక్టరీల చుట్టూ, బేతంచెర్ల, జమ్మలమడుగు వైపు నాపరాళ్ల క్వారీల దగ్గర తిరిగేవన్నీ డీజిల్ బండ్లే. పొక్లెయిన్లు, కంప్రెసర్లు, జనరేటర్లు కూడా డీజిల్ ఇంజను మీదే నడుస్తాయి. ఇల్లు రెండేళ్లు ఓర్చుకోలేని స్థితిలో ఉంటే మొహమాటం లేకుండా దీన్ని ఎంచుకోవచ్చు.

మెకానిక్ ట్రాక్టర్ కూడా ఏడాదే. ఇంజనుతో పాటు హైడ్రాలిక్స్, వ్యవసాయ పనిముట్లు ఇందులో వస్తాయి. పల్లెలోనే ఉండి పని చేసుకోవాలనుకునేవారికి, తమకు కొంత సేద్యం ఉన్నవారికి ఇది చక్కగా అతుకుతుంది. మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనే కేంద్ర వ్యవసాయ శాఖకు చెందిన దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. దక్షిణాది రాష్ట్రాల నుంచి రైతులు, టెక్నీషియన్లు అక్కడికి వచ్చి కొద్ది వారాల కోర్సులు చేసి వెళతారు. ఆ కోర్సులు ఐటీఐ సర్టిఫికెట్‌కు బదులు కావు. కానీ ట్రాక్టర్ ట్రేడు చదివిన పిల్లవాడు వాటిని కూడా జోడించుకుంటే, దుక్కి దున్నే కాలంలో ఆగిపోయిన ట్రాక్టర్ల ముందు అతని మాటకు బరువు పెరుగుతుంది. ఇంత మంచి సంస్థను గడప ముందు పెట్టుకొని మన పిల్లలు దాని పేరైనా వినకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

ఐటీఐలలో ఈ మధ్య మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ అన్న రెండేళ్ల ట్రేడు కూడా వచ్చింది. బ్యాటరీ, మోటారు, అధిక వోల్టేజీ భద్రత నేర్పే ఈ చదువుకు భవిష్యత్తు ఉందనడంలో నాకు సందేహం లేదు. అయితే మన జిల్లాల రోడ్ల మీద నడిచేవాటిలో పెట్రోలు, డీజిల్ బండ్లే ఇంకా ఎక్కువ కాబట్టి, విప్పి చూపించడానికి ఆ ఐటీఐలో నిజంగా ఒక ఎలక్ట్రిక్ బండి ఉంటేనే చేరండి. బోర్డు మీద బొమ్మ మాత్రమే ఉంటే మోటార్ వెహికల్ ట్రేడులో చేరి, ఎలక్ట్రిక్ పనిని తర్వాత అందుకోవడమే మేలు.

పాలిటెక్నిక్ డిప్లొమా, మూడేళ్లు

120 మార్కుల పాలిసెట్ రాసి, ర్యాంకు మీద సీటు తెచ్చుకొని చదివే డిప్లొమా ఇది. ఆటోమొబైల్ ఇంజనీరింగ్ బ్రాంచి కొద్ది కళాశాలల్లోనే ఉంటుంది. మెకానికల్ బ్రాంచి దాదాపు ప్రతి పెద్ద పాలిటెక్నిక్‌లోనూ దొరుకుతుంది. లెక్కలు, డ్రాయింగ్, థియరీ ఎక్కువ, చేతి పని తక్కువ. ఒక పాలిటెక్నిక్‌లో మంచి మార్కులతో పాసై మా షెడ్డుకు వచ్చిన కుర్రవాడు టార్క్ సూత్రం తడుముకోకుండా చెప్పాడు కానీ, బోల్టును కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచి పట్టుకోవడానికి తడబడ్డాడు. అతని తెలివికి లోటు లేదు, ఆరు నెలల్లో అందరినీ మించిపోయాడు. డిప్లొమా నుంచి ఏమి ఆశించాలో, ఏది ఆశించకూడదో ఆ ఆరు నెలలు చెబుతాయి.

దీని లాభం పై మెట్లలో ఉంది. సర్వీసు సెంటర్లలో సూపర్‌వైజర్, సర్వీస్ అడ్వైజర్ వంటి స్థానాలకు డిప్లొమా వారిని ఇష్టపడతారు. ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. మరో ముఖ్యమైన తేడా ఉంది: మన రాష్ట్రంలో రవాణా శాఖ అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ పోస్టులకు మెకానికల్ లేదా ఆటోమొబైల్ ఇంజనీరింగ్ డిగ్రీ, లేకపోతే ఆటోమొబైల్ ఇంజనీరింగ్ డిప్లొమా అడుగుతూ వచ్చారు, దానితో పాటు హెవీ వాహనాల డ్రైవింగ్ లైసెన్సు కూడా ఉండాలి. అంటే డిప్లొమాతోనే ఆ పోస్టుకు వెళ్లాలన్న ఆశ ఉన్న పిల్లవాడు, ఇంటికి దగ్గరని మెకానికల్ బ్రాంచి తీసుకుంటే దారి అక్కడే మూసుకుపోవచ్చు. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు ఆటోమొబైల్ అన్న ఆ ఒక్క పదం మీద వేలు పెట్టి చూసుకోండి.

రెండేళ్ల ఐటీఐ పూర్తి చేసినవారు బ్రిడ్జి కోర్సు, ప్రవేశ పరీక్ష మార్గంలో డిప్లొమా రెండో సంవత్సరంలో చేరే అవకాశం మన రాష్ట్రంలో ఉంది. పిల్లవాడికి పదో తరగతిలో లెక్కలు భయపెట్టాయి కానీ బుర్ర ఉందని మీకు నమ్మకం ఉంటే, ముందు ఐటీఐ, ఆ పైన డిప్లొమా అన్న దారి నిదానమైనదైనా గట్టిది, ఎందుకంటే అప్పటికి అతని చేతికి పని వచ్చి ఉంటుంది.

ఒకేషనల్ ఇంటర్మీడియట్‌లోనూ ఆటోమొబైల్ టెక్నీషియన్ కోర్సు ఉంది. డిగ్రీ వైపు వెళ్లే ఉద్దేశం ఉన్నవారికి తప్ప నేను దాన్ని సూచించను, ఎందుకంటే పైన చెప్పిన రైల్వే, ఆర్టీసీ ప్రకటనలు ఐటీఐ సర్టిఫికెట్‌నో, డిప్లొమానో అడుగుతాయి.

షెడ్డులో మేస్త్రీ దగ్గర, లేదా నెల రోజుల శిక్షణ

నేను ఈ దారిలోనే వచ్చాను కనుక దీన్ని తక్కువ చేసి మాట్లాడలేను. మంచి మేస్త్రీ దగ్గర మూడేళ్లు ఉంటే ఏ కళాశాలా నేర్పలేని ఓపిక, నోటి లెక్క, బండి తెచ్చినవారితో మాట్లాడే తీరు అబ్బుతాయి. అయితే మొదటి ఏడాది టీ తేవడం, డీజిల్‌తో సామాన్లు కడగడం, పానాలు అందించడంతోనే గడిచిపోతుంది. మేస్త్రీకి తెలియనిది పిల్లవాడికీ తెలియదు. స్కానర్ లేని షెడ్డులో పెరిగినవాడు దాని ముందు కూర్చోవడానికి జంకుతాడు. చేతిలో సర్టిఫికెట్ లేకపోతే ఏ నోటిఫికేషన్‌కూ పనికిరాడు. 14 ఏళ్లలోపు పిల్లలను షెడ్డులో పనికి పెట్టుకోవడం చట్టప్రకారం నేరమని వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పటికే షెడ్డుల్లో స్థిరపడ్డ 18 ఏళ్లు దాటిన యువకులకు జిల్లాల్లోని గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు మేలు చేస్తాయి. బ్యాంకులు నడిపే ఈ సంస్థల్లో ద్విచక్ర వాహనాల మరమ్మతు వంటి కోర్సులు సుమారు నెల రోజులు, భోజన వసతులతో సహా ఉచితంగా ఉంటాయి, తర్వాత రుణం కోసం బ్యాంకు దగ్గరకు వెళ్లే దారీ చూపిస్తారు. పల్లెలో మోటారు సైకిళ్ల షాపు పెట్టాలనుకునేవాడికి ఇది చాలు. నెల రోజుల్లో లారీ మెకానిక్ కావచ్చని మాత్రం ఎవరూ అనుకోకూడదు.

ఒక్క చూపులో

| మార్గం | కాలం | చేతి పని | తెరిచే దారి | లోటు |
|---|---|---|---|---|
| ఐటీఐ మోటార్ వెహికల్ | 2 ఏళ్లు | బాగా, పరికరాలు ఉంటేనే | ఆర్టీసీ అప్రెంటిస్, రైల్వే, సర్వీసు సెంటర్లు | రెండేళ్లు ఓర్చుకోవాలి |
| ఐటీఐ డీజిల్ | 1 ఏడాది | ఇంజను మీద ఎక్కువ | లారీలు, యంత్రాలు, రైల్వే, ఆర్టీసీ | గేరు బాక్సు, బ్రేకులు తక్కువ |
| ఐటీఐ ట్రాక్టర్ | 1 ఏడాది | బాగా | పల్లెలో సొంత పని, రైల్వే | కార్ల వైపు వెళ్లడం కష్టం |
| ఆటోమొబైల్ డిప్లొమా | 3 ఏళ్లు | తక్కువ | సూపర్‌వైజర్, రవాణా శాఖ, బీటెక్ | చేతి పని తర్వాత నేర్వాలి |
| మేస్త్రీ దగ్గర | 3 ఏళ్లు, ఆపైన | చాలా ఎక్కువ | సొంత షెడ్డు | సర్టిఫికెట్ ఉండదు |

ఎవరికి ఏది

మనసు ఇంకా ఒక వైపు నిలవని, లెక్కల్లో మధ్యస్థంగా ఉన్న పిల్లవాడికి ప్రభుత్వ ఐటీఐలో రెండేళ్ల మోటార్ వెహికల్, ఆపై ఏడాది అప్రెంటిస్‌షిప్. నేను ఎక్కువమందికి చెప్పేది ఇదే, మా అన్న కొడుకుకూ ఇదే చెప్పాను. లెక్కలు, ఇంగ్లీషు బాగా వచ్చి ఇంట్లో మూడేళ్లు ఓపిక పట్టగలవారికి ఆటోమొబైల్ డిప్లొమా. తండ్రి లారీ డ్రైవరై, ఇల్లు కష్టంలో ఉన్నవారికి ఏడాది డీజిల్.

ఆడపిల్లలు ఈ ట్రేడుల్లో చేరవచ్చా అని అడిగేవాళ్లు ఇప్పుడు పెరుగుతున్నారు. తప్పక చేరవచ్చు. స్కానర్ పని, వైరింగ్, ఎలక్ట్రిక్ బండ్ల పని కండబలం మీద ఆధారపడవు. బరువులు ఎత్తడానికి షెడ్డులో జాకీలు, చైను పుల్లీలు ఉన్నాయి. చేర్చే ముందు వర్క్‌షాపు ఉన్న ఆవరణలోనే ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది ఉన్నాయో లేదో తల్లి స్వయంగా వెళ్లి చూడాలి.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీలో 2019లో కార్ల ఉత్పత్తి మొదలైనప్పటి నుంచి, మెకానిక్ చదివితే అక్కడే ఉద్యోగం అన్న ఆశ పల్లెల్లో బాగా నాటుకుంది. అక్కడ పని చేయడం మంచిదే. కానీ ఫ్యాక్టరీలో కారును కూర్చే పని వేరు, చెడిపోయిన కారును బాగుచేసే పని వేరు. కూర్పు వరసలో నిలబడినవాడు రోజంతా తన వంతు వచ్చిన ఒక భాగాన్నే బిగిస్తాడు, బండికి జబ్బు ఎక్కడుందో వెదికే అవసరం అతనికి రాదు. మరమ్మతు విద్య చేతికి రావాలనుకునే పిల్లవాడు అదే కంపెనీ కార్లు చూసే సర్వీసు సెంటర్‌లో చేరితే ఎక్కువ నేర్చుకుంటాడు.

చేరే ముందు వర్క్‌షాపు గుమ్మం తొక్కండి

కొన్నేళ్ల కిందట మా బంధువుల అబ్బాయి ఒక ప్రైవేటు ఐటీఐలో చేరాడు. ఇంజను అక్కడ ఉంది, రంగు వేసి, గాజు బీరువా పక్కన, దండ వేసిన పటంలా ఉంది. రెండేళ్లలో దాన్ని ఒక్కసారీ విప్పలేదు. ఆ పిల్లవాడికి సర్టిఫికెట్ వచ్చింది, పని రాలేదు. అప్పటి నుంచి ఎవరడిగినా నేను చెప్పేది, ఫీజు కట్టే ముందు పని రోజున, పాఠాలు జరిగే వేళకు వెళ్లి చూడమని. విప్పే ఇంజన్లకు నూనె, మసి అంటి ఉండాలి. బ్యాచికి 24 మంది ఉంటే ఎన్ని ఇంజన్లు, ఎన్ని గేరు బాక్సులు ఉన్నాయో లెక్కపెట్టండి. స్కానర్ ఉందా, ఉంటే దాన్ని ఎప్పుడు ఏ బండికి తగిలించారో అడగండి. రెండో సంవత్సరం పిల్లవాడిని పక్కకు పిలిచి, "నువ్వు చివరిసారి ఏమి విప్పావు?" అని అడిగితే, ఆ కళాశాల గురించి అతని జవాబే అంతా చెప్పేస్తుంది. ఆ ఐటీఐకి, ఆ ట్రేడుకు జాతీయ గుర్తింపు ఉందో లేదో ప్రభుత్వ పోర్టల్‌లో చూసుకోవడం కూడా మరవవద్దు. రాష్ట్ర గుర్తింపు మాత్రమే ఉన్న ట్రేడు అయితే మీరు ఆశించే ఉద్యోగ ప్రకటన దాన్ని అంగీకరిస్తుందో లేదో ముందే తేల్చుకోండి.

ఐటీఐ ప్రవేశాలు పదో తరగతి మార్కుల మీద విడతలుగా జరుగుతాయి. ప్రభుత్వ ఐటీఐల్లో డీజిల్, మోటార్ వెహికల్ సీట్లు మొదటి విడతలోనే నిండిపోయే అవకాశం ఎక్కువ కనుక మార్కుల జాబితా, స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ఆధార్ ముందే సిద్ధం చేసుకొని తొలి విడతకే దరఖాస్తు పెట్టండి. పాలిసెట్ రాసిన పిల్లవాడు కూడా ఐటీఐ దరఖాస్తును వదలకూడదు. ఆటోమొబైల్ బ్రాంచి దొరకలేదని తెలిసేసరికి ఐటీఐ తొలి విడత ముగిసిపోయి, ఒక ఏడాది ఇంట్లో కూర్చున్న పిల్లలు ఇద్దరు ఇప్పుడు మా షెడ్డులోనే పని నేర్చుకుంటున్నారు, వచ్చే విడతకు వాళ్ల కాగితాలు నేనే దగ్గరుండి సర్దిస్తున్నాను.